ఐదు సంతకాల పర్మిట్: ఒక ఈటీపీ ట్యాంకు ప్రమాదంపై కేస్ స్టడీ

ఆ పర్మిట్ కాగితం, అంటే ప్రమాదకరమైన పనికి ముందుగా రాసిచ్చే అనుమతి, విచారణకి వెళ్లిన నా చేతికి వచ్చేసరికి ప్రమాదం జరిగి రెండు రోజులైంది. అసలుది పోలీసులు తీసుకెళ్లారు, నాకు ఇచ్చింది జిరాక్స్. ఎవరో దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కూడా జిరాక్స్‌లో పడింది. పని పేరు దగ్గర ‘ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి కేంద్రం) కలెక్షన్ ట్యాంక్ క్లీనింగ్’ అని, సమయం దగ్గర ఉదయం 9.30 అని ఉంది. గ్యాస్ టెస్ట్ గళ్లలో ఆక్సిజన్ 20.9 శాతం (మామూలు గాలిలో ఉండేంత), మండే వాయువులు 0, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు 0. అడుగున ఐదు సంతకాలు. పర్మిట్ అడిగినవాళ్లది, ఇచ్చినవాళ్లది, షిఫ్ట్ ఇన్‌చార్జిది, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ది, సేఫ్టీ విభాగానిది.

వంక పెట్టడానికి వీల్లేని పర్మిట్. గ్యాస్ డిటెక్టర్ ఏదని అడిగితే స్టోర్ బీరువాలోంచి తెచ్చారు. దాని మెమరీని కంప్యూటర్‌లోకి తీసి చూశాం. ప్రమాదానికి ముందు పదకొండు రోజులుగా దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

ఈ ప్రమాదం కొన్నేళ్ల కిందట, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో, జరిగింది. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకైనప్పుడు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుళ్లు జరిగినప్పుడు ఫ్యాక్టరీల భద్రత గురించి రెండు తెలుగు రాష్ట్రాలూ మాట్లాడాయి. ట్యాంకుల్లో, గుంతల్లో ఒకరూ ఇద్దరూ చనిపోతే మాత్రం జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు వస్తాయి, మర్నాటికి మర్చిపోతారు. నా వృత్తిలో నేను చూసిన చావుల్లో ఎక్కువ భాగం ఆ నాలుగు లైన్లవే. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ఆ ఉదయం

ఆదివారం ప్లాంటు ఆపారు. సోమవారం మళ్లీ నడపాలి. కలెక్షన్ ట్యాంకు అంటే నేలలోపల కట్టిన కాంక్రీటు తొట్టి, నాలుగు మీటర్ల లోతు. పైన రెండడుగుల మ్యాన్‌హోల్, గోడకి ఇనుప మెట్లు. లోపలున్న సబ్‌మెర్సిబుల్ పంపు శనివారం రాత్రే మొరాయించింది. బురద పట్టేసిందని అందరికీ తెలుసు. ఆ పంపు నడవకపోతే వ్యర్థ జలాలు కదలవు, అవి కదలకపోతే రియాక్టర్లు మొదలుపెట్టలేరు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నర నుంచే ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి.

కాంట్రాక్టర్ మనుషులు ముగ్గురు పంపుని పైనుంచి లాగడానికి చూశారు. సగం వచ్చాక పాత నైలాన్ తాడు తెగి పంపు మళ్లీ బురదలో పడింది. కొత్త తాడు తెప్పించారు. ఆ తాడు ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. పచ్చ రంగు, బొటనవేలంత లావు, పది మీటర్లు. మంచి తాడు. అది పంపుకి కట్టడానికి తెచ్చింది, దిగే మనిషి నడుముకి కట్టాలని ఎవరికీ తోచలేదు.

దిగింది ఇరవై రెండేళ్ల కుర్రాడు. మోకాలి లోతు బురదలో నిలబడి పంపుని అటూ ఇటూ కదిపాడు. బురదలోంచి బుడగలు లేచాయి. పైనున్న మేస్త్రీ నాతో చెప్పిన మాట ఇది: “కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది సార్. మరి కాసేపటికే పోయింది. పోయింది కదా, ఫర్వాలేదనుకున్నాం.”

వాసన పోలేదు. వాసన చూసే శక్తి పోయింది. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పది లక్షల భాగాలకు 100 దాటితే ముక్కు మొద్దుబారుతుంది. ఏడొందలు, వెయ్యి దగ్గరైతే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కుప్పకూలతాడు. కుర్రాడు కేక కూడా వేయలేదు, పంపు మీదికి ఒరిగాడు.

పక్కనే పైపులకి రంగు వేస్తున్న ముప్పై ఏడేళ్ల హెల్పర్ ఒకతను ఉన్నాడు. ఇద్దరిదీ విజయనగరం వైపు ఒకే ఊరు, కుర్రాడికి వరసకి మావయ్య అవుతాడు. పర్మిట్‌లో అతని పేరు లేదు, ఆ పనితో అతనికి సంబంధమే లేదు. “ఒరే, అల్లుడు పడిపోయాడ్రా” అంటూ చెప్పులు విడిచి దిగాడు. కుర్రాడి చంకల్లో చేతులు పెట్టి, ముఖం బురదలో పడకుండా పంపు మీదికి ఎత్తాడు. అంతవరకే చేయగలిగాడు. తర్వాత అతను బోర్లా పడ్డాడు.

మూడో మనిషిగా మేస్త్రీ మెట్టు మీద కాలు పెట్టాడు. ఈటీపీ కెమిస్ట్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, వెనకనుంచి అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని లాగింది. చొక్కా చిరిగింది కానీ ఆమె వదల్లేదు. తర్వాత ప్లాంట్ ఎయిర్ హోస్ తెచ్చి ట్యాంకులోకి వదిలింది. ఆ గాలి వల్లే కుర్రాడు బతికాడని డాక్టరు నాతో అన్నారు. కంపెనీలో రెండు బ్రీతింగ్ సెట్లు ఉన్నాయి. ఒకదాని సిలిండర్ ఖాళీ, రెండోదాని మాస్క్ పట్టీ ఊడిపోయి ఉంది. రోడ్డుకి అవతలి యూనిట్ నుంచి సెట్లు వేసుకుని మనుషులు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ తీసేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది. హెల్పర్ ప్రాణం అప్పటికే పోయింది.

ఫొటోల్లో మ్యాన్‌హోల్ పక్కన అతని చెప్పులు జతగా ఉన్నాయి. గుమ్మం ముందు విడిచినట్టు పక్కపక్కనే, తిన్నగా.

గ్యాస్ ఎక్కణ్నుంచి వచ్చింది

దీనికి రెండు దారులు కనిపించాయి. వ్యర్థ జలాల్లో సల్ఫేట్లు ఉండి, గాలి ఆడకుండా నీళ్లు నిలిచిపోతే అడుగు బురదలోని బ్యాక్టీరియా ఆ సల్ఫేట్లని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఆ గ్యాస్ బురదలో చిక్కుకుని ఉంటుంది, కదిపితే సోడా సీసా మూత తీసినట్టు పైకి తన్నుకొస్తుంది. మూత తీయగానే మ్యాన్‌హోల్ దగ్గర పరీక్ష చేస్తే సున్నా చూపించవచ్చు, పది నిమిషాల తర్వాత లోపల ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఒక్కసారి పరీక్షించి వదిలేయకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి, మనిషి లోపల ఉన్నంతసేపూ చూస్తూనే ఉండాలి. ఈ వాయువు గాలి కన్నా బరువు, అడుక్కే చేరుతుంది.

రెండో దారి ప్రొడక్షన్ బ్లాకుది. అక్కడ ఒక స్టేజీలో సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీళ్లు ఒక లైన్‌లో, ఆమ్లం కలిసిన వాష్ నీళ్లు ఇంకో లైన్‌లో వేర్వేరు ట్యాంకులకి పోవాలి. రెండూ కలిస్తే అక్కడికక్కడే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఏ లైన్ ఎటు పోవాలో మార్చేది చేత్తో తిప్పే ఒక వాల్వు. శనివారం రాత్రి బ్యాచ్ అయ్యాక దాన్ని పూర్తిగా మూయలేదు. మూసినట్టు లాగ్‌బుక్‌లో రాసి ఉంది.

ప్రమాదం జరిగింది ఈటీపీలో, జరిగినంతసేపూ అందరి కళ్లూ ఈటీపీ మీదే. కానీ దాని సగం బీజం నూటయాభై మీటర్ల దూరంలో, ముప్పై గంటల ముందు, ఇంకో విభాగం చేతుల్లో పడింది. ఆ విభాగం వాళ్ల సంతకం పర్మిట్ మీద లేదు. అడగాలని ఫారంలోనే లేదు.

“నేను అనుకున్నాను”

విచారణలో పద్నాలుగు మందితో మాట్లాడాను. దాదాపు అందరి నోటా వచ్చిన మాట ఒకటే: “నేను అనుకున్నాను.” గ్యాస్ టెస్ట్ మెయింటెనెన్స్ వాళ్లు చేశారని కెమిస్ట్ అనుకుంది. కెమిస్ట్ చేసిందని మెయింటెనెన్స్ వాళ్లు అనుకున్నారు. మొదటి రెండు సంతకాలు పడ్డాయి కాబట్టి అంతా చూసే ఉంటారని షిఫ్ట్ ఇన్‌చార్జి అనుకున్నాడు. కంపెనీ వాళ్లు పర్మిట్ ఇచ్చారంటే సేఫ్ అనే కదా అని కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ అనుకున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ ఆ రోజు సెలవు. ఆయన టేబుల్ దగ్గరున్న ట్రైనీ, నాలుగు సంతకాలున్న కాగితం మీద తను కాదంటే పెద్దవాళ్లని అనుమానించినట్టవుతుందని అనుకున్నాడు. నలుగురితో పాటు నారాయణ అన్నాడు.

20.9, 0, 0 అని రాసిందెవరో చివరికి తేలింది. పాత పర్మిట్‌లో ఉన్న అంకెల్ని మెయింటెనెన్స్ హెల్పర్ ఒకతను చూసి దించేవాడు. ఏడాదికి పైగా ఆ పని అతనే చేస్తున్నాడు. తప్పు చేస్తున్నానని అతనికి తెలియదు. ‘ఆ గళ్లు నింపడం’ తన పని అని చెప్పారు, నింపాడు.

ఆ ఐదుగురిలో చెడ్డవాళ్లు ఎవరూ నాకు కనిపించలేదు. ప్రతి ఒక్కరూ పక్కవాడి జాగ్రత్త మీద భారం వేశారు. ఐదు సంతకాలుంటే ఐదు రెట్లు భద్రత అనుకుని తయారుచేసిన కాగితం అది. ఆ ఐదు సంతకాల వెనక స్వయంగా చేసిన పరీక్ష ఒక్కటీ లేదు.

చట్టం ఎవరిని అడుగుతుంది

అప్పటికి అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాని 36వ సెక్షన్ ఇలాంటి ట్యాంకుల గురించే. ప్రమాదకర వాయువు ఉండే అవకాశమున్న ట్యాంకు, గుంత, పైపు దేనిలోకీ మనిషిని దింపకూడదు. దింపాలంటే రెంటిలో ఒకటి జరగాలి. సమర్థుడైన వ్యక్తి తానే స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగే మనిషి శ్వాస పరికరం వేసుకుని, నడుముకి బెల్టు, బెల్టుకి తాడు కట్టుకుని దిగాలి. ఆ తాడు రెండో కొస బయటున్న మనిషి చేతిలో ఉండాలి.

‘తానే స్వయంగా’ అన్న మాట దగ్గర ఆగమని నా ట్రైనింగ్‌లలో ప్రతిసారీ చెబుతాను. సంతకాలు ఎన్ని ఉండాలని చట్టం అడగలేదు. చేత్తో డిటెక్టర్ పట్టుకుని చూసిన మనిషి ఒక్కడు కావాలంది. తాడు కొస ఎవరి చేతిలో ఉండాలో కూడా రాసింది. పది మీటర్ల పచ్చ తాడు అక్కడే ఉంది.

కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి మొదటి మీటింగ్‌లో అన్న మాట: “చనిపోయిన అతను మా రోల్స్‌లో లేడు, కాంట్రాక్టర్ మనిషి.” ఈ వాదన నేను చాలా చోట్ల విన్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. చట్టంలో ‘వర్కర్’ నిర్వచనం తీసి చూపించాను. నేరుగా పెట్టుకున్నా, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా, అసలు యజమానికి తెలిసినా తెలియకపోయినా అతను ఆ ఫ్యాక్టరీ కార్మికుడే. 7ఏ సెక్షన్ ప్రకారం ఆ కార్మికులందరి ఆరోగ్యం, భద్రత చూడాల్సింది ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి. కంపెనీ అయితే ఆక్యుపయర్ ఒక డైరెక్టరే అయి ఉండాలని, ఫ్యాక్టరీలో పనిచేసే ఉద్యోగిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి తప్పుకోవడం కుదరదని జేకే ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. 7ఏ గానీ, 41ఏ నుంచి 41హెచ్ దాకా ఉన్న ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం గానీ 1987 సవరణతో వచ్చాయి. 1984 డిసెంబర్‌లో భోపాల్ జరగకపోతే అవి వచ్చేవి కావేమో.

పరిహారం విషయంలోనూ అంతే. కాంట్రాక్టర్ మనిషికి ఈఎస్‌ఐ చందా ముందుగా కట్టాల్సింది అసలు యజమాని, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. అప్పటి ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్‌లోనూ అదే తర్కం. చనిపోయిన హెల్పర్ పనిలో చేరి నాలుగు రోజులే అయింది, ఈఎస్‌ఐ నంబరు ఇంకా తీయలేదు. అతని భార్య ఇద్దరు పిల్లలతో గేటు దగ్గర కూర్చున్నప్పుడు మొదటి రోజంతా ఆమెని కంపెనీ కాంట్రాక్టర్ దగ్గరికి, కాంట్రాక్టర్ కంపెనీ దగ్గరికి పంపారు. చట్టం అంత స్పష్టంగా ఉన్నాక కూడా ఆమె ఆ ఎండలో తిరగాల్సి వచ్చింది.

మరి కార్మికుడి బాధ్యత? ఫ్యాక్టరీల చట్టంలో 111వ సెక్షన్ ఉండేది. భద్రత కోసం పెట్టిన పరికరాల్ని కావాలని పాడుచేయకూడదు, తనకీ ఇతరులకీ ప్రమాదం తెచ్చే పని కావాలని చేయకూడదు, ఇచ్చిన పరికరాల్ని వాడకుండా ఉండకూడదు. యాజమాన్యాలు ఈ సెక్షన్‌ని బాగా గుర్తుపెట్టుకుంటాయి. ప్రాథమిక నివేదికలో ‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని రాసింది దీని అండతోనే. నేను ఆ మాట కొట్టేయమన్నాను. పక్కనే ఉన్న 111ఏ చదవండన్నాను. పనిలోని ప్రమాదాల గురించి సమాచారం పొందే హక్కు, శిక్షణ పొందే హక్కు కార్మికుడివి. ఆ కుర్రాడికి ఇచ్చిన శిక్షణ రికార్డు తెప్పించాను. గేటు దగ్గర ఇరవై నిమిషాల వీడియో, ఇంగ్లిష్‌లో. అతను పదో తరగతి తెలుగు మీడియం. ట్యాంకు మీద పెట్టిన హెచ్చరిక బోర్డు కూడా ఇంగ్లిషే. ఇవ్వని పరికరాన్ని వాడలేదని, చెప్పని విషయాన్ని పాటించలేదని మనిషిని తప్పుపట్టడం నా మనసుకి ఒప్పుకోలేదు.

దిగకుండా ఆపేందుకు ఎవరున్నారు

చనిపోయిన అతని గురించి ఇంకొంచెం చెప్పాలి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ 1986లో ఇచ్చిన హెచ్చరికలో, ఇలాంటి మూసి ఉన్న చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని ఉంది. మన దగ్గర బావిలో, సెప్టిక్ ట్యాంకులో ఒకరి వెనక ఒకరు అన్నదమ్ములు, తండ్రీకొడుకులు పోయారన్న వార్తలు చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. కళ్లముందు మనవాడు పడిపోతే దూకనివాడు ఉంటాడా? దూకొద్దని ఆ క్షణంలో చెబితే ఎవరూ వినరు. ముందుగా, చాలాసార్లు, చేయించి చూపిస్తూ చెప్పాలి. అంతకన్నా ముఖ్యం, దూకకుండా కాపాడే దారి చేతికి అందేలా ఉండాలి. నడుముకి తాడు ఉండి, పైన మూడు కాళ్ల ట్రైపాడ్ మీద చక్రం ఉంటే మేస్త్రీ ఒక్కడే కుర్రాణ్ని లాగేసేవాడు. మావయ్య దిగాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఆ ట్రైపాడ్ ఎందుకు లేదో వెతుకుతూ పోతే పర్చేజ్ విభాగం దగ్గర తేలాను. కాంట్రాక్టర్‌కి ఇచ్చిన వర్క్ ఆర్డర్‌లో ‘అన్ని భద్రతా ఏర్పాట్లూ కాంట్రాక్టరే చూసుకోవాలి’ అని ఒక వాక్యం ఉంది. ధరల పట్టికలో మాత్రం బ్లోయర్‌కి గానీ, ట్రైపాడ్‌కి గానీ, బయట నిలబడే మనిషి కూలికి గానీ ఒక్క రూపాయి లేదు. అవన్నీ కలిపి కోట్ చేసిన ఇంకో కాంట్రాక్టర్‌కి రేటు ఎక్కువని పని ఇవ్వలేదు. బాధ్యతని కాగితం మీద కిందికి తోసి, దానికి కావాల్సిన డబ్బు మాత్రం పైనే ఉంచుకున్నారు. నా నివేదికలో ఈ పేరాకే ఎక్కువ అభ్యంతరాలు వచ్చాయి. తీసేయలేదు.

మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు. రెండు నెలల ముందు ఇదే ట్యాంకులో ఒకతనికి కళ్లు తిరిగాయి, పైకి తీసి మజ్జిగ పట్టించి కూర్చోబెట్టారు. ఎవరికీ చెప్పలేదు. “చెబితే పని ఆపేస్తారు సార్, ఆ రోజు కూలి పోద్ది” అన్నాడు. ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కీ కూడా చెప్పే హక్కు 41హెచ్ సెక్షన్ ఇచ్చింది. విన్నవెంటనే సరిదిద్దాల్సిన బాధ్యత పైవాళ్లది. కానీ ఆ హక్కు వాడుకున్న రోజు కూలి పోతే అది పుస్తకంలోనే ఉంటుంది. సేఫ్టీ కమిటీలో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండాలని 41జీ చెప్పింది. ఈ కమిటీలో సంఖ్య సరిపోయింది. ట్యాంకుల్లో దిగే కాంట్రాక్ట్ కార్మికుడు మాత్రం ఒక్కడూ లేడు.

నా వాటా

ప్రమాదానికి ఆరు నెలల ముందు ఆ ప్లాంటుకి సేఫ్టీ ఆడిట్ చేసింది నేనే. ‘కన్‌ఫైన్డ్ స్పేస్ (ట్యాంకుల్లాంటి మూసి ఉన్న చోటు) పర్మిట్ విధానం ఉందా?’ అన్న ప్రశ్నకి ‘ఉంది, అమలవుతోంది’ అని రాశాను. పర్మిట్ ఫైలు తిరగేశాను, గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఒక్క పర్మిట్ తేదీని డిటెక్టర్ మెమరీతో పోల్చి చూసి ఉంటే అదే రోజు దొరికేది. పది నిమిషాల పని. చేయలేదు.

విచారణ నన్నే చేయమన్నప్పుడు ఈ విషయం యాజమాన్యానికి రాసిచ్చాను, వేరేవాళ్లని పెట్టుకోమన్నాను. అయినా నన్నే అడిగారు. నివేదిక మొదటి పేజీలో, అందరి వాటాల కన్నా ముందు, నా వాటా రాశాను. పైవాళ్లు తమ వాటాల గురించి నాతో నిజం చెప్పడానికి అది కూడా కొంత సాయపడిందని నా నమ్మకం. ఫ్యాక్టరీ మేనేజర్ గారు ఆ పేజీ చదివి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, వాల్వు మార్చాలని ప్రొడక్షన్ వాళ్లు రెండేళ్ల కిందట పెట్టిన ప్రతిపాదన తన సొరుగులోంచి తీసి ఇచ్చారు. బడ్జెట్ లేదని తానే ఆపానని చెప్పారు.

మార్చినవి

అన్నిటికన్నా ముందు ట్యాంకులోకి దిగే అవసరాన్నే తీసేశాం. పంపుకి గైడ్ పైపులు, స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసు పెట్టించి, పైనున్న చైన్ బ్లాక్‌తో లాగేలా చేశాం. బురదని సక్షన్ ట్యాంకర్‌తో పైనుంచే తీస్తారు. ప్లాంటు మొత్తం మీద మనిషి దిగే చోట్లు ముప్పై ఒకటి లెక్కతేలితే, అందులో పంతొమ్మిదింటికి దిగకుండా పని జరిగే మార్గం దొరికింది. వాటి మ్యాన్‌హోల్స్‌కి ఇనుప గ్రిల్లు, తాళం వేయించాం. ఏ శిక్షణ కన్నా ఆ తాళాలే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నా అభిప్రాయం.

మిగిలిన పన్నెండు చోట్లకి పర్మిట్ మార్చాం. ఐదు సంతకాలు మూడయ్యాయి. ఒక్కో సంతకం పైన ఆ మనిషి తన కళ్లతో చూడాల్సిన పని ఒకటే ఉంటుంది, తెలుగులో రాసి ఉంటుంది. ‘డిటెక్టర్ నేనే పట్టుకుని పైన, మధ్యలో, అడుగున చూశాను’ అని ఒకరు. ‘ఈ ట్యాంకుకి వచ్చే లైన్లన్నిటి దగ్గరికీ నడిచి వెళ్లి, మూసి, తాళం వేశాను, తాళంచెవి నా దగ్గర ఉంది’ అని ప్రొడక్షన్ నుంచి ఒకరు. ‘తాడు కొస నా చేతిలో ఉంది, పని అయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలను’ అని కాంట్రాక్టర్ తరఫున బయట నిలబడే మనిషి. గ్యాస్ అంకెలు చేత్తో రాసే గళ్లు తీసేశాం. డిటెక్టర్ ప్రింటు పర్మిట్‌కి అంటించాలి.

మేస్త్రీలు మొదట్లో గొణిగారు. మూడు వారాలకి వాళ్లే ఆ మూడో వాక్యాన్ని టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పని మొదలయ్యే ముందు భద్రత గురించి మాట్లాడుకునే చోట, పైకి చదివించడం మొదలుపెట్టారు.

వర్క్ ఆర్డర్లలో భద్రతా సామగ్రికి వేరే పద్దు పెట్టించాం, దాని మీద బేరం ఆడకూడదు. భద్రత కోసం పని ఆపితే ఆ రోజు కూలి కంపెనీ ఇవ్వాలి. ఈ ఒక్క నిబంధనకి ఒప్పించడానికి నాలుగు మీటింగులు పట్టాయి. ఒప్పుకున్న మొదటి నెలలో పని ఆపిన సందర్భాలు తొమ్మిది. అందులో రెండు అనవసరం అని మేనేజర్ గారు అన్నారు. ఏడు అవసరమే కదండీ అన్నాను.

ఫ్యాక్టరీల శాఖ ఆక్యుపయర్ మీద, మేనేజర్ మీద కేసు పెట్టింది. పాత చట్టం 92వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, మరణం సంభవిస్తే కనీసం ఇరవై అయిదు వేలు. పోలీసులది నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు, అప్పటి ఐపీసీ 304ఏ కింద. ఇప్పుడు అదే నేరానికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అయిదేళ్ల వరకు శిక్ష ఉంది.

కొత్త కోడ్ వచ్చాక

2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, కాంట్రాక్ట్ కార్మికుల చట్టం సహా పదమూడు చట్టాలు అందులో కలిశాయి. ఇదే ప్రమాదం ఇవాళ జరిగితే ఏం మారుతుందని చాలామంది అడుగుతున్నారు.

మరణానికి జరిమానా వేస్తే అయిదు లక్షలకి తగ్గకూడదు, రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. గేటు దగ్గర కూర్చున్న ఆ తల్లిని చూసినవాణ్ని కాబట్టి నాకు కోడ్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో 250 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి, మిగతా ఫ్యాక్టరీల్లో 500. పాత చట్టంలో సాధారణ పరిమితి వెయ్యి. నియామక పత్రం ఇవ్వాలన్నది ఇంకో మంచి మార్పు. ఆ హెల్పర్ దగ్గర ఒక పత్రం ఉండి ఉంటే నువ్వెవరి మనిషివని అతని భార్యని ఎవరూ అడిగేవారు కాదు.

కలవరపెట్టేవీ ఉన్నాయి. కాంట్రాక్ట్ కార్మికుల నిబంధనలు వర్తించే పరిమితి ఇరవై నుంచి యాభైకి పెరిగింది. మన ఫార్మా క్లస్టర్లలో ట్యాంకులు కడిగే కాంట్రాక్టర్ల దగ్గర పది, పదిహేను మందే ఉంటారు. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’, సలహా ఇవ్వడం కూడా ఆయన పనే. సలహా మంచిదే, కానీ ఫ్యాక్టరీకి వచ్చి మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి డిటెక్టర్ మెమరీ అడిగే ఇన్‌స్పెక్టర్లు తగ్గిపోతే ఆ లోటు సలహాతో తీరదు.

కుర్రాడు పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. జ్ఞాపకశక్తి పూర్తిగా రాలేదు, పేర్లు మర్చిపోతాడు. కంపెనీ అతనికి స్టోర్‌లో పర్మనెంట్ ఉద్యోగం ఇచ్చింది. డిటెక్టర్లు ఉండే బీరువా తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

చేత్తో తిప్పే ఆ వాల్వు మాత్రం ఇంకా అలాగే ఉంది. తాళం వేసుకోవడానికి కొక్కెం పెట్టారు, తాళం వేస్తున్నారు కూడా. అయినా రెండు లైన్లూ కలవడానికి వీల్లేకుండా పైపింగే మార్చాలని మొన్నటి ఆడిట్‌లో మళ్లీ రాశాను. వచ్చే వార్షిక షట్‌డౌన్‌లో మారుస్తామని ఆక్యుపయర్ స్వయంగా సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉంటానని చెప్పాను.